పెద్దోని నాయన ఇల్లు

నాకు కంప్యూటర్ నేర్పిన ఇన్‌స్టిట్యూట్ అశోక్ చౌక్ దగ్గర ఒక పవర్‌లూమ్ షెడ్డు మీద ఉండేది. కింద మగ్గాలు ఆడుతుంటే పైన నేల వణికేది. నేలతో పాటు బల్ల, బల్లతో పాటు తెర. తెర మీది అక్షరాలు చదవాలంటే మన తలను కూడా అదే తాళానికి ఊపాలి. అలా తలలూపుతూ కూర్చున్న మమ్మల్ని చూసి సారు, పాఠం బాగా ఎక్కుతోందని సంబరపడేవాడు. ఆయనది మరాఠీ, మాది తెలుగు, కంప్యూటర్‌ది ఇంగ్లీషు. మొత్తానికి ముగ్గురం ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లం.

తొంభైల చివరి సంవత్సరాలు అవి. నేను బి.కాం. తప్పి ఉన్నాను. ఇంట్లో కూర్చుంటే అమ్మ చాట ముందు పెట్టి బీడీలు చుట్టమంటుంది. నాకు బీడీ చుట్టడం రాదు, చుట్టినా కార్ఖానాలో సగం తిరగ్గొట్టేవారు. "నీ చేతుల ఏం పని ఒప్పదు, పోయి గా కంప్యూటరన్న ఒత్తుకో" అని అమ్మే పంపింది. అలా నేను, మరాఠీ ఊళ్లో తెలుగు మగ్గాలవాళ్లుండే మా దాజీ పేట్‌లో కంప్యూటర్ తెలిసిన ఆడపిల్లనయ్యాను. నా చదువు మీద నమ్మకంతో కాదు, నా బీడీల మీద అపనమ్మకంతో.

ఆ రోజుల్లోనే మా పేట సంఘానికి ఇంటర్నెట్ గాలి సోకింది. సంఘం పెద్ద మా నాన్నకు దూరపు అన్న. నేను పెద్దబాపు అనేదాన్ని. సొంత మగ్గాలున్నాయి, గొంతు పెద్దది. మగ్గాల హోరులో అరిచి అరిచి ఆయనకు చావు పరామర్శ కూడా గట్టిగానే వచ్చేది. ఒకనాడు, ఒకే వాకిలి చుట్టూ గదులున్న మా వాడాకు వచ్చి గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"హోట్గి రోడ్డు కాలనీలోళ్లు ఇంటర్నెట్‌ల పెట్టుకున్నరట బిడ్డా. మనకేం తక్కువ? మన పేట ఇండ్లన్ని దాంట్ల ఎక్కియ్యి. ఎవరింట్ల ఎవరున్నరో ఒత్తంగనే కనవడాలె."

"ఏడ కనవడాలె పెద్దబాపూ?"

"గదే, దాంట్ల" అని చేత్తో పైకప్పు వైపు చూపించాడు.

ఆ పేజీని సంఘం హాల్లో ఒక ఆదివారం పొద్దున అందరి ముందూ తెరవాలని అప్పటికే చాటింపు వేసేశాడు. సంఘానికి కంప్యూటర్ లేదు, ఫోను లైను లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ గొణిగింది. కానీ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఇకపై పేటలో పెళ్లి పిలుపులు ఆ పేజీ ప్రకారమే వెళ్తాయని.

మా దగ్గర పెళ్లి పిలుపంటే ఇద్దరు ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి చెప్పడం. ఇంటికొక్క బొట్టు. ఏది ఇల్లు, ఏది కాదు అన్నది సంఘం లెక్క. ఆ లెక్కలో లేకపోతే, మీరు ఎంత పెద్ద చూరు కింద ఉన్నా మీది ఇల్లు కాదు.

మా ఎదురు గదిలో ఉండే చిన్నమ్మది అలాంటి ఇల్లే. మా అమ్మతో కలిసి బీడీలు చుట్టేది కాబట్టి నాకు చిన్నమ్మ. ఆమె భర్త నేను బడికి వెళ్లే రోజుల్లో భివండీ మగ్గాలకని పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పోతూ పోతూ తన తల్లిని మాత్రం ఈమెకు వదిలిపెట్టాడు. ఆ ముసలవ్వకూ చిన్నమ్మకూ పప్పులో ఉప్పు దగ్గర మొదలై, భివండీ దగ్గర ముగిసే పోట్లాట రోజూ ఉండేది. వాడా అంతా గడియారం లేకుండానే దాన్ని బట్టి అన్నం వేళ తెలుసుకునేది.

మొగుడు లేడు కాబట్టి సంఘం, అవ్వను ఊళ్లో లేని కొడుకు పేరు కిందే వదిలేసి, చిన్నమ్మను పక్క గల్లీలో ఉండే ఆమె అన్న ఇంటి లెక్కలో కలిపింది. బొట్టు అక్కడికే వెళ్లేది. "మీ ఆడిబిడ్డకు గుడ చెప్పుండ్రి" అని వాళ్లు చెప్పి పోయేవారు. వదినమ్మకు ఆ మాట పెళ్లి అయిపోయిన మరునాడు గుర్తొచ్చేది. పిలుపు లేకుండా వెళ్తే ఒక మాట, వెళ్లకపోతే ఇంకో మాట. ఎన్నో పెళ్లిళ్ల రోజుల్లో చిన్నమ్మ తలుపు దగ్గరగా వేసుకుని బీడీలు చుట్టడం నేను చూశాను.

నేను చేస్తున్న పని సంగతి విని ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "నా ఇల్లు గుడ దాంట్ల పెడ్తవా బిడ్డా? మా అన్న ఇంటి కింద కాదు. ఇల్లుగనే" అంది. పెడతానన్నాను. దాందేముంది అన్నాను కూడా.

సారు నాకు దారి చెప్పాడు. ఒక టేబుల్‌లో ఇళ్లు, ఇంకో టేబుల్‌లో మనుషులు. రెండింటినీ కలిపే ముడి ఒకటి ఉండాలి. ఆ ముడి పట్టుకుని అడిగితే, ఏ ఇంటి మనుషులు ఆ ఇంటి యజమాని పేరు కింద వరసగా వచ్చి నిలబడతారు. పాత పోగుకు కొత్త పోగు అతకడం చూస్తూ పెరిగినదాన్ని, ఇది నాకు వెంటనే ఎక్కింది. ముడి దేంతో వేయాలి అంటే యజమాని పేరుతో వేద్దామని నేనే నిర్ణయించుకున్నాను. సారు ఏదో అనబోయాడు గాని, నేను అప్పటికే తల ఊపుతున్నాను.

ఇళ్లు తిరగడం మధ్యాహ్నాలు పెట్టుకున్నాను. పగటి పాళీ మగవాళ్లు మగ్గాల దగ్గర, రాత్రి పాళీ వాళ్లు గుర్రు పెట్టి నిద్రలో ఉంటారు. ఆడవాళ్లు గుంపుగా చాటలు పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ ఉంటారు. తంబాకు పొడికి నాకు తుమ్ములు. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య అడిగేదాన్ని. "ఇంటి యజమాని ఎవరు?"

"పెద్దోని నాయన."

రాసుకున్నాను. పక్కింట్లోనూ పెద్దోని నాయనే. మొదటి కాన్పు ఆడపిల్లయితే "పెద్దదాని నాయన." మేనరికం అయితే "మా బావ." మా ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు, అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుంది. నాకు ఇందులో వింత ఏమీ కనిపించలేదు. మా అమ్మ మా నాన్నను పిలిచేది కూడా అలాగే. మా అన్న పుట్టకపోయి ఉంటే మా నాన్నకు పేరే ఉండేది కాదు. పైగా "పెద్దోని నాయన" అని ఆమె అంటుంటే ఆ మనిషి ముఖం, మీసం, నడక అన్నీ నాకు కళ్ల ముందు కనిపించేవి. ఎవరి సంగతో నాకు క్షుణ్ణంగా తెలుసు. నాకు తెలిసింది కంప్యూటర్‌కు కూడా తెలుసుననుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్దోని నాయన పెద్దోని నాయన అని కొడుతూ పోయాను. ఒక టేబుల్‌లో ఏం కొట్టానో ఇంకో టేబుల్‌లో అదే కొట్టాను, ముడి గట్టిగా పడింది కదా అని మురిసిపోయాను కూడా.

పెద్దబాపు ఇద్దరు సంఘం సభ్యులను వెంటబెట్టుకుని ముందుగా చూడ్డానికి ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, తెరకు దండం పెట్టాడు. నేను నొక్కాను. పేజీ నింపాదిగా దిగింది.

మా పేటలో మొత్తం మూడే ఇళ్లు తేలాయి. పెద్దోని నాయన ఇల్లు, పెద్దదాని నాయన ఇల్లు, మా బావ ఇల్లు. మొదటి ఆయన పేరు లావు అక్షరాల్లో పైన ఉంది. ఆయన కింద ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, దిగుతున్న కొద్దీ వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరు ఒకసారి వచ్చి ఊరుకోలేదు, పోయి మళ్లీ వచ్చారు. ఎన్ని ఇళ్లకు ఆ పేరు ఉందో అన్నిసార్లు వచ్చారు.

"ఈన ఎవరే?" అన్నాడు పెద్దబాపు, జీవితంలో మొదటిసారి మెల్లగా.

నేను కిందికి జరుపుతుంటే పెద్దబాపు ఇల్లాలి పేరు వచ్చింది. పెద్దోని నాయన కిందే. సభ్యుల్లో ఒకాయన గొంతు సవరించుకుని, "మా ఇంటామె గుడ ఈడనే ఉన్నది" అన్నాడు. రెండో ఆయన జాగ్రత్తగా, "నాకు మొదట ఆడిపిల్ల. నాది గీ సంసారం కాదు, కింద ఇంకోటున్నది" అని కాస్త గర్వంగా చెప్పుకున్నాడు.

తెలుగు రాని సారు భుజం మీదుగా వంగి చూశాడు. "కేవ్ఢం మోఠం కుటుంబ్" అని, ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబం ఈ కాలంలో ఎక్కడుందని చేతులు జోడించాడు. ఆ పెద్దమనిషిని ఒకసారి చూడాలని ఉందన్నాడు. పెద్దబాపు ఆయన వైపు చూసిన చూపు నేను మరచిపోలేను.

వాళ్లు చెప్పులు తొడుక్కుని దిగిపోయాక సారుకు అసలు సంగతి వివరించాను. ఆయన నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, పేరుతో ముడి వేయొద్దని, ఇంటికొక నంబరు ఇచ్చి దానితో వేయమని చెప్పాడు. నంబర్లు రాసిచ్చాను. ఎవరి ఇల్లు వాళ్లకు విడిపోయింది. కానీ ప్రతి ఇంటి మీదా పెద్దోని నాయనే కూర్చున్నాడు. అసలు పేర్లు కావాలి. మళ్లీ చాటల దగ్గరికి పోవాలి.

"పేర్లు చెప్పుండ్రి" అన్నాను. ఎవరూ తల ఎత్తలేదు. నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు గాని, అప్పుడు పెద్ద కారణమే ఉంది. "మీ పున్నెమా అని పేటంత ఒక్కని పెండ్లాలైన్రు. ఇప్పుడన్న చెప్పరా?" అన్నాను.

నవ్వులు ఆగాక మా అమ్మ ఉపాయం చెప్పింది. "తెలుగుల అంటేనే పాపం. మరాఠీల ఉఖాణా ఏస్తే పాపం లేదు." మరాఠీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరును పాదాలు కట్టి, ప్రాస కలిపి చెప్తారు. దాన్ని ఉఖాణా అంటారు. ఇరుగుపొరుగు పెళ్లిళ్లకు వెళ్లి వెళ్లి మావాళ్లకూ అబ్బింది.

"ఆయుష్షు రాసేటాయనకు మరాఠీ రాదానే?" అన్నాను.

"వచ్చినా పాటల చెప్తే పట్టించుకోడు" అంది అమ్మ. కొంగు సర్దుకుని తానే మొదలుపెట్టింది. "మాగావరచ్యా చాదరీలా లాల్ కాఠ్..." మగ్గం మీది చద్దరుకు ఎర్ర అంచు, ఫలానా రావుగారి పేరు చెప్తున్నాను, ఇక నా దారి వదలండి అని దాని భావం. మా నాన్న జీవితంలో "రావు" అనిపించుకున్నది ఆ ఒక్కసారే.

దాంతో కట్టలు తెగాయి. ఒకామె మొగుడి పేరును బటాటా వడతో కలిపింది. ఇంకొకామెకు ప్రాస కుదరక, కుదిరేదాకా నన్ను కదలనివ్వలేదు. ఒక ముసలమ్మకు వాడక వాడక అసలు పేరే గుర్తుకు రాలేదు. లోపల రాత్రి పాళీ చేసి పడుకున్న మనిషిని మనవరాలితో లేపించి, ఆయన పేరు ఆయన్నే అడిగించింది. ఆయన లేచి, పోలీసులొచ్చారా అన్నాడు.

చివరికి చిన్నమ్మ వంతు వచ్చింది. అందరూ చాటల మీదికి వంగారు. ఆమె ఏం కడుతుందో, అసలు కడుతుందో లేదో తెలియదు. ఆమె ఏమీ కట్టలేదు. భర్త పేరు ఇంటిపేరుతో సహా, శుద్ధ తెలుగులో, బడిలో హాజరు పిలిచినట్టు చెప్పేసింది. ఆకు కత్తిరించే కత్తెరలన్నీ ఆగిపోయాయి.

"విన్నవా? ఇంకోపాలి చెప్త" అని మళ్లీ చెప్పింది. "ఆయుష్షు తగ్గుతదంటరు గద. సూద్దాం."

"జర గట్టిగ చెప్పు, భివండీ దూరం" అంది మా అమ్మ.

నవ్వు తగ్గాక చిన్నమ్మ నా వైపు తిరిగింది. "చెప్పిన గని, గది రాయకు. ఇంటి మీద నా పేరు రాయి."

ఆ మాటే వెళ్లి పెద్దబాపుతో చెప్పాను. ఒప్పుకోలేదు. "మొగోడు లేని ఇల్లు ఇల్లెట్లయితది? ఆమెను ఆమె అన్న ఇంట్ల వెయ్యి."

"మరి అవ్వను?"

"ఆమెను గుడ ఆడనే." అని, తానే ఆగిపోయాడు. కోడలి పుట్టింట్లో అత్తను పెట్టడం మా దగ్గర తల తీసేసే పని. కాసేపు మెడ గోక్కుని, "అయితే ముసల్దాన్ని విడిచిపెట్టు, ఎన్నొద్దులుంటది" అన్నాడు.

ఆయన మాట వినాలనిపించలేదు, ఎదిరించి రాయడానికి ధైర్యమూ చాల్లేదు. చిన్నమ్మ ఇంటికి నంబరు ఇచ్చాను, ఇద్దరినీ ఆ నంబరు కింద వేశాను, యజమాని గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. ఆదివారానికి ముందు పేజీ తెరిచి చూస్తే చిన్నమ్మ ఇల్లు లేదు. ఆమె లేదు, అవ్వ లేదు. మా వాడాలో మా ఇల్లు, దాని తర్వాత కొళాయి పక్క వాళ్లు. మధ్యలో గది ఉన్నట్టే లేదు.

పెద్దబాపే ఎవరితోనో తీయించాడనుకున్నాను. నేరుగా ఆయన షెడ్డుకు పోయి, ఆడుతున్న మగ్గాల మధ్య నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏంది?" అన్నాడు. మళ్లీ తిట్టాను. మళ్లీ "ఏంది?" అన్నాడు. చివరికి నేను ఆకలిగా ఉన్నాననుకుని ఎవరినో పిలిచి చాయ్, పావ్‌రొట్టె తెప్పించాడు. తిట్టినదాన్ని అది తిని వచ్చాను.

సారు నేను కంప్యూటర్‌కు రాసిచ్చిన ప్రశ్న చదివి, తీసినవాళ్లు ఎవరూ లేరన్నాడు. ఇళ్లను అడిగేటప్పుడు, యజమాని దొరికిన ఇళ్లనే తెమ్మని నేనే రాశాను. యజమాని గడి ఖాళీ కాబట్టి కంప్యూటర్ ఆ ఇంటిని, అందులోని మనుషులను పక్కన పడేసింది. తిట్టవలసిన మనిషి ఎవరో అప్పుడు తెలిసింది. పెద్దబాపు గొంతెత్తి అన్న మాటనే నేను నోరు మెదపకుండా కంప్యూటర్‌కు రాసిచ్చాను.

సారు ఒక్క పదం మార్పించాడు. యజమాని ఉన్నా లేకున్నా ఇల్లు రావాలి అని దానర్థం. నొక్కాను. మా ఇంటి తర్వాత ఒక ఇల్లు వచ్చింది. పైన పేరు ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ, దాని కింద ఇద్దరు ఆడవాళ్లు. ఆ ఖాళీని కాసేపు చూశాను. తర్వాత అందులో చిన్నమ్మ పేరు కొట్టాను. పెద్దబాపుకు చెప్పలేదు.

ఆదివారం సంఘం హాలు నిండింది. ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్‌ను చద్దర్లు చుట్టి రిక్షాలో తెచ్చాం. ఫోను లైను లేకుండా అది ఇంటర్నెట్‌లో ఎక్కలేదన్న సంగతి సారుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, పెద్దబాపు కొబ్బరికాయ కూడా కొట్టేశాడు. నేను నొక్కుతుంటే ఆయన ఒక్కొక్క ఇల్లూ గట్టిగా చదివాడు. తన పేరు విన్న మగవాడల్లా లేచి నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు. సారు ఆ పెద్ద కుటుంబం ఎక్కడా కనబడలేదని నన్ను చూసి దొంగ నిట్టూర్పు విడిచాడు.

మా ఇల్లు అయింది. తర్వాతది చదవబోయి పెద్దబాపు ఆగాడు. వెనక వరసలో గోడ పక్కన చిన్నమ్మ, ఆమెకు కాస్త ఎడంగా అవ్వ కూర్చున్నారు. ఆ పొద్దున కూడా పప్పు దగ్గర పోట్లాడుకుని వాళ్లకు మాటలు లేవు.

"ఇదేంది?" అన్నాడు పెద్దబాపు. "ఇంటి మీద ఆడిమనిషి పేరున్నది."

"ఆ ఇల్లు ఆమెదే పెద్దబాపూ" అన్నాను.

ఆయన నన్ను వదిలేసి హాలు వైపు తిరిగాడు. "సూడుండ్రి. మీద కోడలు, కింద అత్త. గిట్ల ఏడనన్న ఉన్నదా?" గుసగుసలు లేచాయి. చిన్నమ్మ అన్న తల దించుకున్నాడు. వదినమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దబాపు అవ్వను చూసి, ఎన్నడూ లేనిది పలకరించాడు. "అవ్వా, నీకు తెల్సా? నిన్ను నీ కోడలి కింద రాసిన్రు. నీకు నామోషీ గాదా? నువ్వే చెప్పు, తీపిస్త."

అందరం అవ్వ వైపు తిరిగాం. రోజూ పప్పులో ఉప్పుకే వాడా ఎగిరిపోయేలా అరిచే మనిషి, ఇంత మాటకు ఊరుకుంటుందని ఎవరూ అనుకోలేదు. చిన్నమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది.

అవ్వ గోడ పట్టుకుని లేచింది. అరవలేదు.

"ఇన్నొద్దులు కొడుకు కిందనే రాసిన్రు గద నాయనా. వాడు ఒక్కపూట బువ్వ పెట్టలే, మీరు గుడ పెట్టలే. నన్ను గీమె కిందనే ఉండనియ్యి."

అని మళ్లీ కూర్చుంది. ఈసారి చిన్నమ్మకు ఆనుకుని కూర్చుంది. పెద్దబాపు తెర వైపు తిరిగి, ఆ ఇంటి మీది పేరు హాలంతా వినబడేలా చదివాడు.